ఫెర్న్‌ల సందు దాటాలంటే

మా అమ్మావాళ్ళింట్లో బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఫెర్న్ మొక్కల మధ్యనుంచి నడవాలి. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఒక ఇరుకు సందు ఉంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒదగాలి. పక్కింటివాళ్ళు అంతస్తు మీద అంతస్తు లేపుకుంటూ పోవడంతో అందులో ఎండ పడడం ఎప్పుడో మానేసింది. ఇంకొకళ్ళయితే అక్కడ విరిగిన కుర్చీలు పడేసుకునేవాళ్ళు. మా అమ్మ ఫెర్న్‌లు వేసింది. సందు చివర బాత్‌రూమ్. విజయవాడలో, కాలవకి దగ్గర్లో ఉన్న పాత ఇల్లు. లోపల ఒకటి కట్టించండి నాన్నా అని ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. బట్టల కొట్టు తప్ప ఇంకే పనికీ ఆయన ఒళ్ళు వంగదు.

అమ్మది నేతపని చేసే ఇల్లు. మొదటి ఫెర్న్ వాళ్ళ పుట్టింటి పాత బావి గోడలోంచి పీకి, తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుందట. తర్వాత నర్సరీల్లో కొన్నవి చేరాయి. కింద ఇటుక ముక్కలు, కాస్త బొగ్గు, పైన కొబ్బరిపొట్టు, కుళ్ళిన ఆకుల ఎరువు. తడి ఆరకూడదు, అలాగని వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవకూడదు. వేలాడే బుట్టలకి లోపల గోనెపట్టా వేసి, మగ్గం మీద మిగిలిపోయిన దారపు కొసలతో కట్టేది. వడగాలి రోజుల్లో ఇస్త్రీ బట్టల మీద చల్లే స్ప్రేయరు పట్టుకుని వాటి చుట్టూ తిరిగేది. ఆకుల వెనక గోధుమరంగు చుక్కలు చూసి పురుగనుకుని నేనొకసారి సబ్బునీళ్ళతో తుడిచేశాను. "వాటి విత్తనాలే అవి, మహాతల్లీ" అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. పువ్వా కాయా, ఏముందమ్మా వీటిల్లో అంటే, "నీడలో పచ్చగా ఉన్నాయి. ఇంకేం చెయ్యాలే" అనేది.

వాటిల్లో ఒకటి మరీ పెద్దది. బారెడు ఆకులు గుండ్రంగా లేచి, మధ్యలో గిన్నెలా ఉంటుంది. పక్కింటి వేపచెట్టు రాల్చే ఆకులన్నీ అందులోకే చేరతాయి. రోజూ పొద్దున్నే అమ్మ దాని నడిమధ్యలో చెయ్యి పెట్టి చెత్త తీసేది. ఆ చెయ్యి తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఏడో నెలలో నన్ను పుట్టింటికి తీసుకొచ్చారు. మంచి ఎండాకాలం. అంతకుముందు నాకు రెండుసార్లు నిలవలేదు. మొదటిది మూడో నెలలో పోయింది. రెండోది అయిదో నెలలో. అప్పటికి కదలికలు తెలుస్తున్నాయి. ఒకరోజు తెలియలేదు. అంతే.

అందుకని ఈసారి నాకు అన్నిటికీ భయమే. తుమ్మితే భయం, మెట్టు దిగితే భయం. కడుపులో కదిలితే భయం, కదలకపోతే మరీ భయం. భయపడకూడదమ్మా, బిడ్డకి మంచిది కాదు అని వచ్చినవాళ్ళంతా చెప్పి పోయేవాళ్ళు. దాంతో భయపడుతున్నానే అని ఇంకో భయం. మా ఆయనకి కొండపల్లి దగ్గర కరెంటు ప్లాంటులో డ్యూటీ, వారానికోసారి వచ్చేవారు. ఫోన్‌లో "టెన్షన్ పడకు" అన్నప్పుడల్లా ఫోన్ గోడకేసి కొట్టాలనిపించేది.

అమ్మకి మాత్రం నా భయం సంగతి చెప్పక్కర్లేకుండానే తెలుసు. చెకప్‌కి ఆటో ఎక్కగానే డ్రైవర్ వైపు వంగి, "బాబూ, స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా పోనీయి. ఇక్కడ ఇద్దరున్నారు" అనేది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో బండి కదలకుండా ఆగిపోయినప్పుడు కూడా అదే మాట. "మెల్లగా కాదమ్మా, అసలు పోతేగా" అని ఒక డ్రైవర్ విసుక్కున్నాడు. ఆవిడ పట్టించుకోలేదు.

కొరమీను తింటే బిడ్డకి బలమని రోజు విడిచి రోజు తెప్పించేది. చేపలు కడిగిన నీళ్ళు పారబొయ్యదు. బియ్యం కడిగిన నీళ్ళలో కలిపి ఫెర్న్‌లకి పోస్తుంది. మా వైపు గులాబీకో కరివేపాకుకో ఆ నీళ్ళు పొయ్యని ఇల్లాళ్ళు తక్కువ. నేను వచ్చాక ఇంట్లో చేపలు ఎక్కువయ్యాయి, ఆ నీళ్ళూ ఎక్కువయ్యాయి. ఆ ఎండాకాలం ఊరంతా మాడిపోతుంటే మా సందు మాత్రం అడవిలా తయారైంది. నడుస్తుంటే ఆకులు మోకాళ్ళకి తగిలేవి. కొత్త ఆకులు చుట్ట విప్పుకుని లేస్తుంటే అమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చూపించేది. ప్రహరీ కింద పందికొక్కులు మట్టి తోడి పోయడం కూడా అప్పుడే మొదలైంది. దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

ఒకరోజు పొద్దున ఉప్మా తింటుంటే అమ్మ తడిచేతులతో గదిలోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"స్వామి వచ్చారే" అంది.

"ఏ స్వామి?"

"నాగేంద్రస్వామి. పెద్ద మొక్క వెనకాల తోక చూశాను. నిదానంగా లోపలికి వెళ్ళిపోయారు."

నా చేతిలో చెంచా ప్లేటులో పడింది. పాములంటే నాకు చిన్నప్పటినుంచీ చచ్చేంత భయం. టీవీలో వచ్చినా కాళ్ళు మంచం మీదికి లాక్కునే మనిషిని. ఆవిడేమో చుట్టం వచ్చినట్టు చెబుతోంది.

అమ్మ సంతోషానికి కారణం ఉంది. నాకు రెండోది పోయాక ఆవిడ నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి మొక్కుకుంది. పిల్లలు లేనివాళ్ళూ, కడుపు నిలవనివాళ్ళూ మొక్కుకునేది ఆయనకే. మా వైపు ఏ వీధిలోనైనా ఆయన పేరు పెట్టి పిలిస్తే నలుగురు పలుకుతారు. అడిగిన బిడ్డ ఎలా ఉందో చూసుకోవడానికే స్వామి వచ్చాడని అమ్మ నమ్మకం.

"పడగ చూశావా?" అన్నాను.

"పడగ విప్పి నన్ను బెదిరించాలా ఏంటి? దయతో వచ్చారు, అందుకే ముడుచుకుని ఉన్నారు."

"ఎవరినైనా పిలిచి పట్టించమ్మా, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను."

"మనం పిలిస్తే వచ్చారే. పిలిచి, వచ్చాక పొమ్మంటామా?"

చంపించే మాట అసలే లేదు. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉండగా పాము మీద కర్ర ఎత్తకూడదు. ఆ మనిషి మొగుడు అసలే ఎత్తకూడదు. ఇది మా అమ్మ ఒక్కదాని మాటే కాదు. ఫోన్‌లో మా అత్తగారూ అదే అన్నారు. మామూలుగా మా అమ్మ చెప్పింది ఏదీ ఆవిడ ఒప్పుకోరు. నాన్నని అడిగితే, "కిటికీ మూసుకో తల్లీ, నాలుగురోజుల్లో అదే పోతుంది" అని కొట్టుకి వెళ్ళిపోయారు. ఆ వారం మా ఆయన వచ్చి, ప్లాంటులో పాములు పట్టే అతను ఒకడున్నాడు, చంపడు, అడవిలో వదిలేస్తాడు, పిలవనా అత్తయ్యగారూ అన్నారు. "ఈ ఒక్క విషయంలో మీరు కలగజేసుకోవద్దు బాబూ" అని అమ్మ చేతులు జోడించింది. అంత మాట అన్నాక ఆయనేం మాట్లాడతారు? కాఫీ తాగి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మ పెద్ద మొక్క మొదట్లో ఒక కోడిగుడ్డు పెట్టింది. మర్నాడు అది లేదు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రోజూ గుడ్డు పెట్టడం మొదలైంది. సరిగ్గా నా గది కిటికీ కింద.

నేను దాన్ని చూడలేదు, విన్నాను. ఒక మధ్యాహ్నం అమ్మ గుడికి వెళ్ళింది. ఆగలేక, గోడ పట్టుకుని ఒక్కదాన్నే సందులోకి దిగాను. సగం దూరం పోయేసరికి కుక్కర్ చప్పుడు వినిపించింది. విజిల్ వచ్చేముందు ఆవిరి బుసబుసమని తోసుకొస్తుందే, అదీ. అమ్మ స్టవ్ ఆపకుండా వెళ్ళిపోయిందా అని వెనక్కి తిరగబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. అన్నం తినేశాం. కుక్కర్ని నేనే కడిగి గట్టు మీద బోర్లించాను.

చప్పుడు ఆగింది. మళ్ళీ వచ్చింది. నా ఎడమకాలి పక్కనుంచి, కుండీల వెనకనుంచి. ఒక్క ఆకు కూడా కదలడంలేదు. నాకు ముందుకి అడుగు పడలేదు, వెనక్కీ పడలేదు. రెండు చేతులూ కడుపు మీదికి వచ్చేశాయి. నైటీ తడిసిపోయింది. సిగ్గు కూడా వెయ్యలేదు. ఎంతసేపటికి వెనక్కి జరిగానో, గదిలోకి ఎలా వచ్చానో తెలియదు. మంచం మీద పడి, బిడ్డ కదిలేదాకా ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాను. కదిలింది. అప్పుడు ఏడ్చాను.

అమ్మ వచ్చాక చెప్పాను. "నిన్ను పలకరించారు" అంది.

ఆ రోజునుంచీ నేను నీళ్ళు తాగడం తగ్గించాను. తాగకపోతే వెళ్ళక్కర్లేదు, నాకు తోచిన ఉపాయం అదే. గదిలో బకెట్ పెట్టుకుంటానంటే, నా గదికీ దేవుడి గూటికీ ఒకటే గోడని అమ్మ ఒప్పుకోలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆవిడ ముందు నడిచి తీసుకెళ్ళేది. "స్వామీ, దారియ్యండి. బిడ్డతల్లి వస్తోంది" అంటూ చప్పట్లు కొట్టేది. వెనకాల నేను ఆవిడ జాకెట్ పట్టుకుని, కళ్ళు కింద తప్ప ఇంకెక్కడా పెట్టకుండా నడిచేదాన్ని. ప్రతి ఆకూ తోకలాగే ఉండేది. మంచం పక్కన అమ్మ పెట్టిన మజ్జిగ చెంబు అలాగే ఉండిపోతే, అవకాశం చూసి కిటికీలోంచి ఫెర్న్‌లకే పోసేసేదాన్ని. పెదాలు పగిలాయి. కళ్ళు తిరిగేవి. కడుపు అప్పుడప్పుడు రాయిలా బిగుసుకునేది. ఎండలకి అలాగే ఉంటుందనుకున్నాను. అనుకున్నానంటే, అనుకోవాలని చూశాను.

తర్వాతి చెకప్‌లో స్కాన్ చూస్తూ డాక్టరమ్మ మాట్లాడడం మానేసింది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. అయిదో నెలలో ఒకసారి విన్నదే. బల్ల అంచు పట్టుకున్నాను.

"గుండె కొట్టుకుంటోంది, కంగారు పడకండి" అంది ముందు. తర్వాత, "ఉమ్మనీరు బాగా తగ్గింది. నీళ్ళు తాగట్లేదా?" అని అడిగింది.

"తాగుతోందండీ, నేనే దగ్గరుండి ఇస్తున్నాను" అంది అమ్మ.

"తాగితే ఇట్లా ఎందుకుంటుంది? ఇంకా తగ్గితే నెలలు నిండకుండానే బయటికి తియ్యాల్సి వస్తుంది. బిడ్డకి ఇంకా బరువు చాలదు."

నాలో ఏదో తెగింది. "తాగితే బాత్‌రూమ్‌కి వెళ్ళాలి కదండీ" అన్నాను. "వెళ్ళాలంటే పాముని దాటాలి. మా అమ్మ దానికి గుడ్లు పెట్టి పెంచుతోంది. దాని భయంతో నేను నోరు కట్టుకుని కూర్చున్నాను. ఈ బిడ్డ కూడా పోతే అప్పుడు ఎవరికి మొక్కుకుంటుందో అడగండి."

డాక్టరమ్మ నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుని అమ్మ వంక చూసింది. అమ్మ మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని మూత తిప్పుతోంది, బిగిస్తోంది, మళ్ళీ తిప్పుతోంది.

ఆటోలో డ్రైవర్ స్పీడ్ బ్రేకర్ మీద బండిని ఎగరేశాడు. అయినా అమ్మ నోరు మెదపలేదు. అరచెయ్యి తెచ్చి నా పొట్టకి ఆనించి, ఇంటిదాకా అలాగే ఉంచింది. నాకు పామంటే ఎంత భయమేసిందో ఆవిడ మౌనానికీ అంత భయమేసింది.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా సందు మొదట్లోకి వెళ్ళి నిలబడింది. చేతులు జోడించింది.

"స్వామీ, పిలిచింది నేనే. బిడ్డ కోసమే పిలిచాను. ఇప్పుడు బిడ్డ కోసమే పొమ్మంటున్నాను. కోపమొస్తే నా మీద చూపించు. దాని జోలికి పోకు."

వెనక్కి తిరిగి, "అల్లుడుగారికి ఫోన్ చెయ్యి" అంది.

సాయంత్రం ఎండ తగ్గేలోపలే కొండపల్లినుంచి అతను బైకు మీద వచ్చాడు. చేతిలో పొడవాటి ఇనుప కొక్కెం, వెనక సీటుకి కట్టిన ప్లాస్టిక్ డ్రమ్ము. మా ఆయన కూడా వెనకాలే వచ్చారు గానీ, అమ్మ ఆయన్ని గేటు బయటే నిలబెట్టింది. మొగుడు ఆ ఛాయలకే రాకూడదట. నాన్న కొట్టు మూసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను మంచం మీద మోకాళ్ళమీద లేచి, మూసిన కిటికీ అద్దంలోంచి చూస్తున్నాను. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

అతను బుట్టలు ఒక్కొక్కటే దించాడు. కుండీలు ఒక్కొక్కటే జరిపాడు. అమ్మ అతని వెనకాలే. "గట్టిగా పట్టుకోమాకు బాబూ, పడగకి దెబ్బ తగులుద్ది" అంటోంది. అతను పెద్ద మొక్క కుండీని కొక్కెంతో ఇలా వంచాడో లేదో, కుక్కర్ చప్పుడు మొదలైంది. అద్దం మూసి ఉన్నా వినిపించింది.

అతను ఒక్కసారిగా చెయ్యి అడ్డంపెట్టి అమ్మని వెనక్కి నెట్టాడు. "అమ్మా, వెళ్ళిపోండి. ఇది నాగుపాము కాదు. రక్తపింజర."

లావుగా, మట్టిరంగులో, వీపంతా గొలుసులాంటి మచ్చలతో అది కుండీ వెనకనుంచి బయటికి వచ్చింది. ఆ కుండీలోనే అమ్మ రోజూ చెయ్యి పెట్టేది. దాని మొదట్లోనే వంగి గుడ్డు పెట్టేది. అమ్మ మెట్టు మీద కూలబడి తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఇన్నాళ్ళూ నేను నా బిడ్డ పోతుందేమోనని చచ్చాను. మా అమ్మ పోతుందేమోనని ఒక్కసారి కూడా అనుకోలేదు. అద్దం మీద కొడుతూ "అమ్మా, ఇటు రా, ఇటు రా" అని అరిచాను. ఆవిడకి వినబడలేదు.

"ఈ గుడ్డు పెంకులేంటి?" అన్నాడతను, ప్రహరీ కింద బొరియ దగ్గర చూసి.

"స్వామికి పెట్టాను" అంది అమ్మ, వినీ వినబడకుండా.

"ఇది గుడ్లు ముట్టదమ్మా. పందికొక్కులు తిన్నాయి. పందికొక్కుల కోసం ఇదొచ్చింది. చేపల వాసనొస్తందేంటి ఇక్కడ?"

అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొరమీనులన్నీ తిన్నది నేనే.

అతను పాముని కొక్కెం మీద ఎత్తబోయి ఆగాడు. దాన్ని నేలమీదే ఉంచి, డ్రమ్ముని పడుకోబెట్టి, మెల్లగా అటు మళ్ళించడం మొదలుపెట్టాడు. "నెమ్మది, నెమ్మది" అంటున్నాడు దాంతో. తర్వాత తలెత్తకుండానే మాతో, "కడుపుతో ఉందండి" అన్నాడు.

నాన్న గుమ్మంలోంచి, "గుడ్లు పెట్టేసిందేమో చూడు బాబూ" అన్నారు.

"ఈ జాతి గుడ్లు పెట్టదండి. పిల్లల్నే కంటది. చల్లగా ఉందని చేరినట్టుంది. ఇంకొన్నాళ్ళు ఆగితే ఈ ఆకుల్లోనే కనేది."

ఆ సందంతా, నా కిటికీ కిందంతా వేలెడేసి పాముపిల్లలు. కిటికీ రెక్క కాస్త తెరిచాను. "ఇంకా కనలేదని మీకెట్టా తెలుసు?" అన్నాను.

"చూడండి మేడం, పాకలేకపోతంది" అన్నాడు.

చూశాను. నిజమే. నడుము దగ్గర బరువుగా, కాస్త జరిగి, ఆగి, మళ్ళీ జరుగుతోంది. నేను మంచం దిగేటప్పుడు కూడా అంతే.

ఫెర్న్‌లని పీకెయ్యమని తర్వాత ఎవరూ అనలేదు. కుండీలన్నీ ఇనుప స్టాండ్ల మీదికి ఎక్కాయి. బొరియలు సిమెంటుతో మూయించారు. చేపల నీళ్ళు ఆగిపోయాయి. నాన్న ఆ వారంలోనే మేస్త్రీని పిలిచి ఇంటిలోపల బాత్‌రూమ్ కట్టించారు. నేను నీళ్ళు తాగి తాగి పొట్ట పగిలేలా ఉండేదాన్ని. పాప నెలలు నిండాకే పుట్టింది. ఇప్పుడది చిన్న మగ్గు పట్టుకుని వాళ్ళ అమ్మమ్మ వెనక ఆ సందులో తిరుగుతుంది. అది ఆకుల్లో చెయ్యి పెట్టినప్పుడల్లా నేను ఇల్లెగిరిపోయేలా అరుస్తాను. అమ్మ అరవదు. ముందు తను కర్రతో ఆకులన్నీ కదిలించి చూసి, తర్వాతే దాన్ని రానిస్తుంది.

ఆ సాయంత్రం మాత్రం ఇవేవీ నాకు తెలియవు. కడుపులోది దక్కుతుందో లేదో తెలియదు. తెలిసిందల్లా, పాము డ్రమ్ములో ఉంది, మూతకి గాలి కోసం బెజ్జాలున్నాయి. అతను డ్రమ్ముని మళ్ళీ బైకు వెనక సీటుకి తాడుతో బిగించాడు. ఫారెస్టువాళ్ళకి చెప్పి కొండపల్లి అడవిలో వదిలేస్తానన్నాడు. లోపలనుంచి ఆ చప్పుడు సన్నగా వస్తూనే ఉంది.

నేను మంచం దిగి, వరండా దాటి, గేటు దాకా వెళ్ళాను. "నువ్వెందుకొచ్చావే" అని అమ్మ కసిరింది. గేటు ఊచలు పట్టుకున్నాను. అతను కిక్కు కొట్టాడు. బండి అదిరింది, డ్రమ్ము కూడా అదిరింది.

"అన్నా" అన్నాను.

అతను వెనక్కి చూశాడు.

"స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా పోనీయండి."

అతను నా పొట్ట వంక చూశాడు. డ్రమ్ము వంక చూశాడు. "అట్టాగేనమ్మా" అన్నాడు.

మా వీధి మలుపులో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. అక్కడ అతను రెండు కాళ్ళూ నేలకి ఆనించి, బండిని నడిపించినట్టుగా దాటించాడు. నా పక్కన నిలబడ్డ అమ్మ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది.